ఎర్రజుట్టు పిసినారి

మొన్న పొద్దున అమెరికా నుంచి ఫోను వచ్చింది. ఏటా జనవరి ఒకటిన తప్ప చేయని మనిషి నడివేసవిలో చేశాడంటే సంగతేమిటో నాకు అర్థమైపోయింది. ఎర్రజుట్టాయన పోయాడని చెప్పాడు. ఎనభై దాటాక, స్కాట్లండులో తన ఊళ్ళో, తన మంచం మీద, నిద్రలో పోయాడట. ఇతను విమానమెక్కి అంత్యక్రియలకు వెళ్ళి వచ్చాడట.  తర్వాత అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పోల్చుకోలేని గొంతుతో ఇంకో ముక్క చెప్పాడు. శవపేటిక మీద ఒక గళ్ళ గుడ్డ కప్పారట. వాళ్ళ దేశంలో ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళు. వచ్చిన ముసలివాళ్ళంతా కళ్ళద్దాలు సవరించుకుని వంగి వంగి చూశారట గానీ, నీలం మీద తెల్ల గీతలూ, మధ్యలో సన్నటి ఎరుపూ ఉన్న ఆ గళ్ళు ఏ వంశానివో ఎవరికీ అంతుపట్టలేదట.

"నీకు తెలుసు కదా," అన్నాడు.

తెలియకేం. అది నా లుంగీ. అమలాపురం సంతలో కొన్నది.

ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్తే మా కోడలు వాడేసిన టీ బ్యాగును చెత్తబుట్టలో వేయబోతోంది. నాకు తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. ఏమని చెప్పను? ఆ తడి సంచిని చూడగానే కువైట్‌లో, అబూ హలీఫాలో సముద్రం వైపున్న ఆ నాలుగో అంతస్తు ఇల్లు, మూసిన కర్టెన్ల వెనక పసుపు వెలుగు, దిండు చంకలో పెట్టుకుని ముక్కుతో పాడుతున్న ఎర్రజుట్టాయన, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడ్డాయి. ఆ రోజులు నాకు ఇప్పటికీ జరిగినట్టుండవు. జ్వరంలో వచ్చిన కలలాగానే ఉంటాయి.

అర్దియాలో క్రేన్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఆయన ఫోర్‌మన్, నేను స్టోర్‌కీపర్ని. ఉండడం కూడా ఒకే బిల్డింగులో. ఆయన పైన సముద్రం కనిపించే ఫ్లాట్లో, నేను కింద వెనకవైపు ఏ గాలీ రాని గదిలో. యాభై ఏళ్ళుంటాయి అప్పటికి. తాటిచెట్టంత మనిషి, ముఖం నిండా గోధుమరంగు మచ్చలు, పండు మిరపకాయ రంగు జుట్టు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే అని నమ్మడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. నా ఇంగ్లీషు బళ్ళో నేర్చుకున్నది, ఆయనది కొండల్లో పుట్టింది. అమెరికా వాళ్ళకే సగం అర్థమయ్యేది కాదు.

జోకు చెప్పేముందు అటూ ఇటూ చూడడం ఆయనకు అలవాటు. ఎవరికి భయపడి సార్ అని అడిగితే, ఊరికే వినిపోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసుకుంటున్నానని చెప్పేవాడు. జోకులన్నీ తమ పిసినారితనం మీదే. తమ ఊళ్ళో బిస్కట్టు తినేటప్పుడు భూతద్దం పెట్టుకుంటారట, పెద్దది తిన్నట్టుంటుందని. మన పెళ్ళిళ్ళలో అక్షింతల సంగతి నేను చెబితే, తమవాళ్ళైతే ఆ బియ్యాన్ని దారానికి గుచ్చి విసురుతారని, పెళ్ళికాగానే వెనక్కి లాక్కోవడానికి అదే వీలని అన్నాడు. వాడిన టీ బ్యాగును నిజంగానే ఆరబెట్టి రెండోసారి వాడేవాడు. అయితే వర్క్‌షాపులో ఒక ఇంగ్లండు ఆయన స్కాట్లండువాళ్ళ మీద జోకు వేయబోతే మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు. మా మీద నవ్వే హక్కు మాదే, అది కూడా ఎవరికీ ఊరికే ఇవ్వం అన్నాడు.

మా భాషలో పిసినారిని 'ఎంగిలి చేత్తో కాకిని తోలడు' అంటారని చెప్పి, చేతికంటిన మెతుకులు రాలి కాకి తింటుందేమోనని దాని భావమని వివరించాను. ఆయన చేస్తున్న పని ఆపేసి నిలబడ్డాడు. చాలాసేపు తల ఆడిస్తూ, అది తన తాత గురించే ఎవరో కట్టిన సామెత అయుంటుందని, మీ గోదావరికి ఎలా చేరిందో కనుక్కోవాలని అన్నాడు. ప్రపంచంలో ఏ మంచి వస్తువు చూపించినా అది మాదే అనడం ఆయన రెండో అలవాటు. నా లుంగీ చూసిన రోజు కూడా అంతే. గళ్ళు పట్టి పట్టి చూసి, మీది ఏ వంశం అని అడిగాడు. సంతలో ఏది దొరికితే అది కట్టుకుంటామంటే నమ్మలేదు. మీ వంశం పేరు పోగొట్టుకున్నారు గానీ గుడ్డ మిగిలింది, మీరు మా చుట్టాలే అని తేల్చాడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఒక బుధవారం రాత్రి ఆయన ఒక అమెరికా అబ్బాయిని భోజనానికి పిలిచాడు. ముప్పై ఏళ్ళవాడు, ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడు. పొద్దుపోయిందని ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి రోడ్ల మీద ఇరాకీ ట్యాంకులు. సముద్రం ఒడ్డున సిపాయిలు ఇసుక తవ్వుతున్నారు. నేను పరుగున పైకి వెళ్తే ఆయన కర్టెన్ సందులోంచి చూస్తున్నాడు. నా వైపు తిరిగి చెప్పిన మొదటి మాట ఇది. "చరిత్రలో మొదటిసారి ఒక స్కాట్లండువాడు ఎవరినో భోజనానికి పిలిచాడు. చూశావుగా ఏమైందో."

ఆ అబ్బాయి నవ్వలేదు. నవ్వే సమయం కాదు కూడా. కొద్ది రోజుల్లోనే తెల్లవాళ్ళను వెతికి పట్టుకుపోవడం మొదలైంది. వాళ్ళకు పెట్టిన పేరు 'అతిథులు'. ఆ అతిథుల్ని తీసుకెళ్ళి ఫ్యాక్టరీల్లో, డ్యాముల దగ్గర పెడుతున్నారని, పైనుంచి బాంబు పడితే ముందు వాళ్ళ మీదే పడుతుందని చెప్పుకునేవారు. వాళ్ళను దాచినవాళ్ళకు ఉరేనని కూడా చెప్పుకునేవారు. మన ఇండియావాళ్ళ జోలికి సిపాయిలు అంతగా వచ్చేవారు కాదు. నేను రోడ్డు మీద తిరగగలను, జమియా అనే సరుకుల స్టోరుకు వెళ్ళగలను, ఖుబ్బూస్ రొట్టెల కోసం వరసలో నిలబడగలను. పై ఫ్లాటు ఖాళీ అని అందరికీ చెప్పి, ఆ ఇద్దరికీ తిండి చేర్చే పని నా మీద పడింది.

వండే పని రెడ్డెమ్మక్కది. రాయచోటి దగ్గరి మనిషి, నలభై పైబడిన ఆవిడ. సల్వాలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆమె మామా వాళ్ళు, అంటే ఆ ఇంటి యజమానులు, వేసవికని దేశం దాటి వెళ్ళారు, ఆమె పాస్‌పోర్టేమో వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. సిపాయిలు ఆ ఇంట్లో చొరబడ్డాక, మా బిల్డింగులో ఉన్న ఎరిగినవాళ్ళ దగ్గరికి నడిచి వచ్చేసింది. వాళ్ళు బస్సెక్కి జోర్డాను వైపు వెళ్ళిపోతే, వాళ్ళ గదిలో ఈమె మిగిలింది. ఇంటికి వెళ్ళే బస్సులో నాకూ చోటు దొరికేదే. కానీ పైన ఇద్దరు, పక్క గదిలో ఈమె. వీళ్ళను వదిలి ఎక్కబుద్ధి కాలేదు.

రెడ్డెమ్మక్క ఆయన్ని ఎర్రాయన అనేది. మొదటి రోజు ఆయన ఓట్స్ గింజలు ఉప్పేసి ఉడికించుకు తినడం చూసి చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇంత దూరం వచ్చి ఈయప్ప తినేది మా సంగటేనా," అని నన్నడిగింది. నేను ఆ మాట ఆయనకు చెప్పాను. తనకు సంగటి గురించి అంతా చెప్పమని గంటసేపు పట్టుబట్టి, చివరికి రాయచోటి కూడా తమ వంశంలో కలిపేసుకున్నాడు. కడప అనంగానే అందరూ బాంబులంటారని, తాను దీపావళికి టపాకాయ గూడా కాల్చిన మనిషి కాదని ఆమె చెబితే, ఆయన సంతోషంగా తల ఊపాడు. ఊరు పేరు చెప్పగానే జనం నవ్వే చోట పుట్టడం ఎంత లాభమో తనకు తెలుసన్నాడు. మాట మొదలుపెట్టే ఖర్చు మిగులుతుందట.

ఆ ఇంట్లో పగలూ సాయంకాలంలాగే ఉండేది. కర్టెన్లు తీయకూడదు, గట్టిగా నడవకూడదు, గొంతెత్తకూడదు. వెలుగు గుడ్డలోంచి వడగట్టుకుని పసుపుగా వచ్చి నేల మీద పడేది. బయట సముద్రం ఏమీ జరగనట్టు వచ్చి వెళ్తూ ఉండేది. మధ్యాహ్నాలు మేమంతా అక్కడ చేరేవాళ్ళం. గుసగుసలతోనే కబుర్లు, గుసగుసలతోనే పోట్లాటలు. నా లుంగీ కట్టుకుని కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఆయన ఆ అమెరికా అబ్బాయికి వాడి దేశాన్ని అప్పజెప్పేవాడు.

మీకు గుర్రాలెక్కి పశువుల్ని తోలే వీరులున్నారు కదా, వాళ్ళంతా మా కొండల్లో పశువుల్ని దొంగిలించి ఓడెక్కి పారిపోయినవాళ్ళే అనేవాడు. కోడిని కొవ్వులో ముంచి వేయించడం మా ముసలమ్మలు నేర్పిందే. దెయ్యాల పండక్కి మేం టర్నిప్ దుంప తొలిచి దీపం పెట్టేవాళ్ళం. మీ దేశం వెళ్ళాక మావాళ్ళకు కళ్ళు నెత్తికెక్కి గుమ్మడికాయ తొలవడం మొదలెట్టారు. కొత్త సంవత్సరం రాత్రి మీరంతా చేతులు పట్టుకుని మాటలు తెలియకుండా పాడే పాట మాదే. మీరు కర్రతో బంతిని కొట్టి దాని వెంట నడిచే ఆట మాదే. టెలిఫోను కనిపెట్టినాయన మావాడే. దూరాన ఉన్నవాళ్ళను చూడ్డానికి వెళ్తే దారి ఖర్చవుతుందని కనిపెట్టాడు. "మీ తాతలు మా రేవులో ఓడెక్కేటప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ ఎత్తుకుపోయారు," అనేవాడు. "ఒక్క పొదుపు మాత్రం మర్చిపోయారు."

అబ్బాయి మొదట్లో ఎదురు వాదించేవాడు. మీరు అంత గొప్పవాళ్ళైతే పారిపోవడం ఎందుకని అడిగేవాడు. అద్దె కట్టలేక అని ఈయన జవాబు. కానీ వారాలు గడిచేకొద్దీ అతను మాట తగ్గించేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పళ్ళెం ముట్టేవాడు కాదు. ఒకరోజు నాతో మెల్లిగా, నేను తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్ళిపోతాను, ఏమైతే అదవుతుంది, ఈ గుడ్డ వెలుగు ఇంక చూడలేను అన్నాడు.  వాడు వెళ్తే వాడొక్కడితో పోదు.

ఆ మధ్యాహ్నమే ఆయన దిండును చంకలో ఇరికించుకుని, ముక్కుతో సన్నగా ఒక రాగం ఎత్తుకున్నాడు. వాళ్ళ దేశంలో చంకలో తిత్తి పెట్టుకుని ఊదే వాద్యం ఉందట, ఇది దాని బీదచుట్టమట. రాగం మాత్రం నవ్వులాట కాదు. కొండల మధ్య ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టుంది. రెండో చరణంలో గోడవైపు తిరిగి ఉన్న అబ్బాయి పెదవులు కదిలాయి. మూడో చరణానికి లేచి కూర్చున్నాడు. వాళ్ళ అమ్మమ్మ అమెరికా కొండల్లో ఇంటి అరుగు మీద బఠాణీలు ఒలుస్తూ ఇదే పాడేదట. మాటలు వేరు, రాగం అదే. ఇద్దరూ వేరు వేరు మాటలతో, గుసగుసగా, చివరిదాకా పాడారు.  ఆయన ఎన్నాళ్ళుగానో నవ్వులాటకి చెబుతున్నదంతా ఆ కాసేపు నిజమైపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ రెడ్డెమ్మక్క, తన అవ్వ తిరగలి తిప్పుతూ పాడేది ఇట్లనే ఉంటుందని చెప్పింది. దాన్నీ మా లెక్కలో రాసుకోండన్నాడు ఆయన.

ఇంకో సంగతి ఆయన ఆ వంటింటి గుమ్మం దగ్గరే కనిపెట్టాడు. నేను రొట్టెలకని బయల్దేరే ప్రతిసారీ రెడ్డెమ్మక్క చటుక్కున వంటింట్లోకి తప్పుకునేది. నేను మెట్లు దిగిన చప్పుడు ఆగాకే ఇవతలికి వచ్చేది. ఆమెకు నీ మీద కోపమా అని ఆయన అడిగాడు. చెప్పడానికి సిగ్గేసింది గానీ చెప్పాను. మాలో మనిషి పనిమీద బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొస్తే ఆ శకునమే పనికి తగులుతుందని నమ్ముతారని, భర్త పోయిన ఆడవాళ్ళు ఎదురు రాకూడదంటారని, ఎవరూ అనకముందే ఆమే తప్పుకుంటోందని చెప్పాను.

ఆయన జోకు వేయలేదు. తన జుట్టును వేళ్ళతో పట్టుకున్నాడు. తర్వాత తమ ఊరి సంగతి చెప్పాడు. కొత్త సంవత్సరం రాగానే గడప దాటి ఇంట్లోకి మొదట ఎవరు అడుగుపెడతారో దాన్నిబట్టి ఏడాదంతా ఉంటుందట. నల్లజుట్టు మగవాడు చేతిలో బొగ్గుముక్క, రొట్టె పట్టుకుని వస్తే అదృష్టమట. ఆడది రాకూడదు, ఎర్రజుట్టువాడు అసలే రాకూడదు. తన చిన్నప్పుడు ఆ రాత్రి ఆడుకుని ఆడుకుని తెలియక ముందుగా తమ ఇంట్లోకే దూరాడట. ఆ ఏడు వాళ్ళ ఆవు చచ్చిపోయింది. మరుసటేడు నుంచి ఎవరో నల్లజుట్టాయన వచ్చేదాకా వాళ్ళమ్మే తనను మంచులో బయట నిలబెట్టేదట. అమ్మకు తనంటే ప్రాణమేనని, అయినా నిలబెట్టేదని చెప్పాడు. నా నల్లజుట్టు చూసి, నువ్వు మా ఊరొస్తే ప్రతి ఇంట్లోనూ విందే అన్నాడు.

అదంతా రెడ్డెమ్మక్కకు చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె ఆ జుట్టుకేసి చాలాసేపు జాలిగా చూసింది. అప్పుడు ఆయన, మనిద్దర్నీ తీసుకెళ్ళి సైన్యానికి ఎదురుగా నిలబెడితే చాలు, ట్యాంకులన్నీ శకునం బాలేదని ఇంటికి తిరిగిపోతాయని చెప్పమన్నాడు. ఆమె ఈసారి చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి నవ్వింది. ఆనాటి నుంచి ఆయన ఆమెను బెహన్ అని పిలిచాడు. తనకొచ్చిన హిందీ అంతా ఆ ఒక్క మాటే. కానీ నేను బయల్దేరేటప్పుడు ఆమె లోపలికి తప్పుకోవడం మాత్రం మానలేదు.

పాట పాడిన తర్వాత అబ్బాయి కొన్నాళ్ళు తేరుకున్నట్టే కనిపించి మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఈసారి నీళ్ళు కూడా తాగడం లేదు. ఒకరోజు పొద్దున్నే ఆయన ఒక పని చేశాడు. దాచిపెట్టిన వాడేసిన టీ బ్యాగులన్నీ తీసి, సముద్రం వైపు బాల్కనీలో బట్టలారేసే తాడుకు, ఒక్కోదానికి ఒక్కో క్లిప్పు పెట్టి, పాకుతూ వెళ్ళి వరసగా ఆరేశాడు. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు. చివర్న తన మేజోడు ఒకటి. తిరిగి వచ్చి అబ్బాయిని లేపి, కర్టెన్ అంచు ఎత్తి, ఈరోజు చాకిరేవు అని చూపించాడు. అబ్బాయి చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత వాడి భుజాలు కదలడం మొదలైంది. నోట్లో దుప్పటి కుక్కుకుని కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. ఆ పూట రెండు రొట్టెలు తిన్నాడు. ఆ సంతోషంలో తాడు సంగతి ఆయనా మర్చిపోయాడు, మేమూ మర్చిపోయాం.

మరునాడు మధ్యాహ్నం నేను రొట్టెలతో వస్తుంటే, మా గేటు దగ్గర కాపలా ఉండే సిపాయి నన్ను ఆపాడు. పల్లెటూరి మనిషి, ఎప్పుడూ నన్ను కసిరినవాడు కాదు. అరబ్బీలో మెల్లిగా అడిగాడు. "పై ఇల్లు ఖాళీ అన్నావు. ఖాళీ ఇంట్లో టీ ఎవరు తాగుతున్నారు?"

సముద్రం ఒడ్డు నుంచి తలెత్తి చూస్తే ఆ వరస కనిపిస్తుందట. తనకు కనిపించింది ఆఫీసరుకూ కనిపించిందని, సాయంత్రం నమాజు అయ్యాక మనుషులతో వస్తాడని, బిల్డింగంతా వెతుకుతాడని చెప్పాడు. చెప్పి మొహం అటు తిప్పుకున్నాడు.

పైకి వెళ్ళి చెప్పాను.  ఆయన ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. వాళ్ళకు తెలిసింది ఇక్కడ ఎవరో ఉన్నారని. ఎవరూ దొరక్కపోతే ప్రతి గదీ తిరగేస్తారు, అప్పుడు నలుగురమూ పోతాం. ఒకడు దొరికితే వెతకడం ఆపేస్తారు. కాబట్టి తాను ముందే కిందికి దిగి వెళ్తానని, ఒంటరిగా డబ్బా తిండి తింటూ బతికానని చెబుతానని, అబ్బాయిని నా గదిలోకి మార్చమని అన్నాడు. గుసగుసగా, వర్క్‌షాపులో పనులు పంచినట్టే పంచాడు.

అబ్బాయి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకోసం కదా అవి ఆరేశావు, నేనే వెళ్తానని ఏడ్చాడు.

"నా జన్మలో ఊరికే ఇచ్చిన జోకు అదొక్కటే," అన్నాడు ఆయన. "చూశావా, అందుకే మేం ఏదీ ఊరికే ఇవ్వం." కొంచెం ఆగి, "పైగా వాళ్ళు అతిథులకు తిండీ, పడకా ఉచితంగా ఇస్తారట. స్కాట్లండువాడు కాదనగలడా?" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. గడ్డం గీసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, ప్యాంటు తొడుక్కుని, విప్పిన లుంగీని మడిచి నాకివ్వకుండా తన సంచిలో పెట్టుకున్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, బెహన్‌ను తనకు ఎదురు రమ్మని అడగమన్నాడు.

రెడ్డెమ్మక్క అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను గుమ్మంలో నిలబడి చెబితే గోడకు అతుక్కుపోయింది. "వద్దబ్బీ, వద్దు. మా ఆయన లారీ ఎక్కిన పొద్దు నేనే నీళ్ళ బిందెతో ఎదురొచ్చినా. మళ్ళా రాలా. అప్పుడు నా మొగాన ఇంత బొట్టుండె, అయినా రాలా. ఇప్పుడీ మొగమేసుకోని యట్ల వచ్చేది?"

ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టే చెప్పాను. ఆయన గుమ్మం దాకా వచ్చి ఆమెకు కనిపించేలా నిలబడ్డాడు. నా వైపు కాకుండా ఆమె వైపే చూస్తూ ఇంగ్లీషులోనే మాట్లాడాడు, నేను తెలుగులో చెబుతూ వచ్చాను. "నన్ను గడప బయట నిలబెట్టారు. నిన్ను వంటింట్లో నిలబెట్టారు. ఇన్నేళ్ళూ మనం ఊరుకున్నాం. నాకు భయంగా ఉంది బెహన్. వెళ్ళేటప్పుడు నా మంచి కోరే మనిషి ముఖం ఎదురుగా చూసి వెళ్ళాలని ఉంది."

ఆయన నోట భయం అన్న మాట మేమెవరం అంతవరకు వినలేదు.

"మీరే రావాలంటున్నారక్కా ఆయన," అన్నాను.

 ఆమె స్టీలు చెంబు తీసి కడిగింది. నిండా నీళ్ళు పట్టింది. తలుపు తీసుకుని మా ముందే బయటికి వెళ్ళి, మెట్లు దిగి కింది మలుపు దాకా వెళ్ళి, అక్కడ తిరిగి నిలబడింది. ఆయన గడప దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఆమె చెంబు రెండు చేతులా పట్టుకుని, తల వంచకుండా, ఒక్కో మెట్టే ఎక్కుతూ ఎదురొచ్చింది. నీళ్ళు తొణికి మెట్ల మీద పడ్డాయి. ఇద్దరూ మధ్యలో కలిశారు. ఆయన తల కొంచెం వంచాడు. ఆమె గోడవైపు జరిగి దారిచ్చింది. కిటికీ సందులోంచి చూస్తే ఆయన గేటు దగ్గర చేతులు పైకెత్తి సిపాయితో ఏదో అన్నాడు. ఆ సిపాయి తుపాకీ పట్టుకునే నవ్వాడు. ఏం జోకు వేశాడో మాకు తెలియదు. జీపు సముద్రం పక్కనున్న రోడ్డు మీద చిన్నదైపోతూ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆఫీసరు వచ్చి పై ఇల్లు చూశాడు. ఒక మంచం, ఒక కప్పు, తాడు మీద టీ బ్యాగులు. ఇంకే గదీ తెరవలేదు.

ఆ తర్వాతి నెలల్లో రెడ్డెమ్మక్క వండేది, మాకు పెట్టేది, తాను సగం తిని లేచేది. ఆయన ఊసు ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం, ఆయన అడిగినా నేను ఎదురు పోకుండా ఉండాల్సిందబ్బీ అంది. చలికాలం మొదట్లో అతిథులందర్నీ వదిలేస్తున్నారని రేడియోలో చెప్పారు. అబ్బాయి నా గదిలోంచి వెలుగులోకి నడిచి, కళ్ళు చికిలించుకుంటూ విమానమెక్కాడు. ఆయన జాడ మాత్రం మాకు తెలియలేదు. యుద్ధం వచ్చింది, పోయింది. నూనె బావులు మండి పగళ్ళు నల్లబడ్డాయి. సల్వాలో మామా వాళ్ళు తిరిగి వచ్చారు, రెడ్డెమ్మక్క మళ్ళీ అక్కడికే పనికి వెళ్ళింది. నేను ఎవరు ఫోర్‌మన్‌గా వస్తారోనని చూస్తూ వర్క్‌షాపులో మసి కడుగుతూ ఉన్నాను.

ఒకరోజు వర్క్‌షాపు గేటు బయట ఎవరో నిలబడి ఉన్నారన్నారు. వెళ్ళి చూస్తే ఆయన. సగానికి సగం చిక్కిపోయాడు, ఎర్రజుట్టులో బూడిద కలిసింది. లోపలికి రమ్మంటే రాడు. కొత్తగా తెరిచిన చోటికి ముందు నల్లజుట్టువాడే నడవాలని, నన్ను నడిపించి నా వెనక వచ్చాడు. మాట కోసం నోరు తెరిస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ శుక్రవారం సల్వా తీసుకెళ్ళాను. గేటు తీసిన రెడ్డెమ్మక్క ఆయన్ని చూసి గడియ మీద చెయ్యి అలాగే ఉంచేసింది. "వచ్చినావా," అంది.  ఆయన జేబులోంచి కాగితంలో చుట్టింది తీసి రెండు చేతులా ఆమెకిచ్చాడు. విప్పితే ఎండిన టీ బ్యాగు. బందీగా ఉన్నచోట ఉచితంగా ఇచ్చారట. రెండుసార్లు తాను వాడాడట. మూడోది బెహన్ కోసం దాచాడట. ఆమె దాన్ని చెంగున ముడేసుకుంది.

అదీ నాకు తెలిసిన ఆయన. ఎంతమంది పిల్లలో, ఎక్కడెక్కడ పనిచేశాడో, నేనెప్పుడూ అడగలేదు.

కోడలి చేతిలోంచి టీ బ్యాగు తీసుకుని కిటికీ చువ్వకు వేలాడదీసి, రాయచోటికి ఫోను చేశాను. మనవరాలు తీసి అవ్వకిచ్చింది. రెడ్డెమ్మక్కకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. గట్టిగా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన పోయాడని, ముసలితనంలో, సొంత మంచం మీద, నిద్రలో పోయాడని, నా లుంగీ కప్పారని చెప్పాను.  

"ఆ పొద్దు నేను ఎదురొచ్చినా గదబ్బీ," అంది. "అందుకే ఇన్నేండ్లు బతికినాడు."